ముగ్గులో లేని అరుగు

సైకిలు బెల్లు వీధి మలుపు దగ్గరే మొదలైంది. రోజూ గేటు దగ్గరికి వచ్చాక ఒకే ఒక్కసారి, నాకు మాత్రమే వినిపించాలన్నట్టు కొట్టే మా ఆయన, ఆ మధ్యాహ్నం ఆపకుండా కొట్టుకుంటూ వస్తున్నారు. నేను పెరట్లో రుబ్బురోలు ముందు ఉన్నాను. కుచ్చిళ్ళు మోకాళ్ళ పైకి దోపుకుని, ఒక కాలు బారజాపి, కుడిచేత్తో పొత్రం తిప్పుతూ ఎడమచేత్తో పిండి లోపలికి తోస్తున్నాను. మోచేతుల దాకా మినప్పిండి. ముక్కు దురద పెడితే భుజానికి రుద్దుకుంటున్నాను. బెల్లు గేటు దాటింది. వీధి అరుగు దగ్గర ఆగిపోయింది. ఇదిగో వస్తారు, ఇదిగో వస్తారు అని చూస్తున్నాను, రారే! ఇంటి ఓనరు చెంగల్రాయుడు మామ గొంతు, ఆయనతో పేకాటకు కూర్చునే పెద్దమనుషుల నవ్వులు, ఎవరో "భలే భలే" అనడం వినిపించాయి. అవన్నీ అయ్యాక గానీ మా ఆయన పెరట్లోకి రాలేదు. చేతిలో చింపిన కవరు.

"పంకజా, వచ్చేసినాది! నీకు ఉద్యోగం వచ్చేసినాది!"

ఉత్తరాలు ఇంటికొస్తే ఎక్కడ పోతాయో అని తన బస్సు డిపో అడ్రసు ఇచ్చారాయన. అందుకని పంకజాక్షి, ఎం.ఏ. అని టైపు కొట్టిన ఆ ఉత్తరం ముందు డిపోలో, తర్వాత అరుగు మీద చదవబడి, చివరికి రుబ్బురోలు దగ్గరికి చేరింది. ఆ సంగతి చురుక్కుమంది. కానీ ఎంతసేపు? చేతులకి పిండి కదా, ఆయనే ఉత్తరాన్ని నా కళ్ళ ముందు పట్టుకున్నారు. నేను చదువుతుంటే జేబులోంచి బెల్లం ముక్క తీసి నా నోట్లో పెట్టారు. బెల్లానికి సైకిలు నూనె వాసన. అంత తియ్యటి బెల్లం నేను ఇదివరకు తినలేదు.

వంటింటి గడపలోంచి మా అత్త నాగరత్నమ్మ అడిగింది. "యేం ఉద్యోగం నాయనా?"

"గ్రైండరు సూసే ఉద్యోగమమ్మా. మద్రాసు సంస్థవాళ్ళు మన కాంపౌండుకి కరెంటు గ్రైండరు ఇస్తారంట. ఆరిళ్ళకీ కలిపి ఒకటి. యెవురు రుబ్బుతాండారు, యెట్ట రుబ్బుతాండారు అని సూసి రాసేదానికి పంకజకి జీతం."

అత్త చీపురు గోడకి ఆనించింది. "పెండ్లయినకాడి నుంచీ రుబ్బతానే ఉండా, యెవురూ నాకు ఒక కానీ ఈలేదే. రుబ్బేది సూసేదానికి ఇస్తారా జీతం?"

మా ఆయన పకపకా నవ్వారు. నేనూ నవ్వాను. అత్త మాత్రం నవ్వలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది ఆమె.

మాది గూడూరు. మా నాయన నిమ్మకాయల మండీలో పనిచేస్తూ నన్ను ఎం.ఏ. దాకా చదివించాడు. సోషియాలజీ అంటే ఏమిటని ఎవరైనా అడిగితే, "మనుషుల్ని సూసే సదువబ్బా" అనేవాడు. పెళ్ళై తిరుపతికొచ్చి నాలుగు నెలలైంది. కొర్లగుంటలో ఈ కాంపౌండులో రెండు గదులు, ఒక వంటిల్లు, అందరికీ ఒకటే పెరడు, ఒకటే కొళాయి, ఒకటే రుబ్బురోలు. మనుషుల్ని చూడడానికి ఇంతకన్నా మంచి చోటు ఎక్కడ దొరుకుతుంది? పైగా జీతం! మొదటి జీతంతో ఏం కొనాలో రాత్రంతా ఇద్దరం మాట్లాడుకున్నాం. ఆయన రేడియో అన్నారు. నేను గాజు సీసాలో పెట్టే మనీప్లాంటు అన్నాను. రెండూ కొనుక్కోవచ్చని తేలేసరికి ఇద్దరికీ నిద్రొచ్చింది.

గ్రైండరు వ్యానులో వచ్చింది. నల్లరాయి, ఆకుపచ్చ రంగు డబ్బా, కింద మోటారు. అది ఎక్కడ పెట్టాలన్నది తేల్చడానికి మగవాళ్ళంతా కొలతలు తీశారు. రాయుడు మామ ముందుగది కిటికీ పక్కనే కరెంటు మీటరు ఉంది, తీగ అక్కడి నుంచి అరుగు దాకానే వస్తుంది, కాబట్టి గ్రైండరు వీధి అరుగు మీద, స్విచ్చి మామ కిటికీలో. పావుగంటలో అయిపోయింది. మమ్మల్ని ఎవరూ ఏమీ అడగలేదు. అడగలేదని మాకూ తోచలేదు. మేం పసుపు, కుంకుమ, కర్పూరం తెచ్చే హడావుడిలో ఉన్నాం. కొబ్బరికాయ కొట్టి మామ అన్నాడు, "ఈ కాంపౌండులో ఆడోళ్ళ కష్టం ఈ పొద్దుతో తీరిపొయ్యె." ఆయన భార్య పోయాక ఆయనకి హోటలు క్యారియరే. ఆ ఇంట్లో పిండితో పనే లేదు. స్విచ్చి మాత్రం ఆయనది.

నేను పని మొదలుపెట్టాను. చూసేవాళ్ళు ఉన్నారని తెలిస్తే మనుషులు మామూలుగా ఉండరని మాకు క్లాసులో చెప్పారు. అందుకని మా ముందుగది కిటికీ దగ్గర, పూల కర్టెను వెనక, కుర్చీ వేసుకుని కూర్చున్నాను. కర్టెను సందులోంచి గ్రైండరు సగం కనిపిస్తుంది. పక్కన టీ గ్లాసు. కిటికీలోంచి వీధిలోకి చూస్తూ కూర్చుంటే "పని లేదా" అని ప్రతి ఆడపిల్లా ఒకసారైనా తిట్లు తిన్నదే, నాకు దానికి జీతం ఇస్తున్నారు! మొదటిరోజు ఆ ఆనందంలో రెండు గ్లాసుల టీ ఎక్కువ తాగాను.

కానీ చూడడానికి ఏమీ లేదు. కొబ్బరికాయ కొట్టిన రోజు అందరం ఒక వాయి రుబ్బి చప్పట్లు కొట్టాం. ఆ తర్వాత ఆ గ్రైండరు దగ్గరికి ఎవరూ రాలేదు. దాని మూత మీద రాయుడు మామ పేపరు పెట్టుకున్నాడు. పేకాడేవాళ్ళు టీ గ్లాసులు పెట్టుకున్నారు. పెరట్లో మాత్రం రుబ్బురోలు తిరుగుతూనే ఉంది, దాని ముందు వరస కట్టిన గిన్నెలు అలాగే ఉన్నాయి. మూడో ఇంటి దేవకమ్మక్క భుజం నొప్పికి అమృతాంజనం రాసుకుని మరీ రుబ్బుతోంది. ఒక సాయంత్రం చివరింటి మునిలక్ష్మి నానబెట్టిన బియ్యం గిన్నె పట్టుకుని అరుగు మూలదాకా వచ్చింది. నేను ఊపిరి బిగబట్టి చూస్తున్నాను. మునిలక్ష్మి ఆగింది. గిన్నెలో నీళ్ళు కాసిని తులసి మొక్కకి వంపింది. ఆ నీళ్ళు పోయడానికే వచ్చినట్టు వెనక్కి తిరిగి వెళ్ళిపోయింది.

సరే, అడిగి తెలుసుకుందామని ప్రశ్నల కాగితాలు తీసుకుని ఇల్లిల్లూ తిరిగాను. మొదటి ప్రశ్న కుటుంబ యజమాని పేరు, తతిమ్మావాటికి జవాబులు చెప్పాల్సింది కూడా ఆయనే. కాబట్టి యజమానులు ఇంటికొచ్చే వేళకే వెళ్ళాలి. గ్రైండరు ఎందుకు వాడడం లేదు అని అడిగితే దేవకమ్మక్క భర్త మీసం సవరించుకున్నాడు. "ఎన్నన్నా సెప్పమ్మా, సేత్తో రుబ్బిందాని రుసే యేరు." ఆ చెయ్యి ఆయనది కాదు. ఆ చెయ్యిగల మనిషి తలుపు పక్కన నిలబడి భుజం నొక్కుకుంటూ తలూపింది. మునిలక్ష్మి మొగుడు "మిషను పిండి పులవదు" అన్నాడు. మునిలక్ష్మి లోపలి నుంచి "అవునక్కా" అంది. ఆరిళ్ళలోనూ ఇదే. మా ఇంటి కాగితం నింపేటప్పుడు మా ఆయన కూడా కాలు మీద కాలు వేసుకుని, గొంతు సవరించుకుని, "రాసుకో, మాకు సేతి పిండే అలవాటు" అన్నారు. నాకు నవ్వొచ్చింది. నవ్వుతూనే రాశాను. రాశాక ఆ 'మాకు' అన్న మాటలో నా చెయ్యి ఎక్కడుందా అని కాసేపు చూశాను.

గురువారం పొద్దున సంస్థ మేడం వచ్చింది. కళ్ళజోడు, ఖాదీ చీర, చేతిలో తాళాల గుత్తి. గ్రైండరు మీది పేపరూ గ్లాసులూ చూసింది, నా కాగితాలు తిరగేసింది.

"పంకజాక్షీ, ఆడవాళ్ళే అక్కర్లేదంటుంటే మనం మాత్రం ఏం చేస్తాం? శనివారం వ్యాను పంపిస్తాను, ఇంకో వీధికి తీసుకెళ్దాం. మీ రిపోర్టులో ఒక వాక్యం రాసెయ్యండి. స్త్రీలు ఆసక్తి చూపలేదు అని."

ఆమె వెళ్ళిపోయింది. నేను గేటు దగ్గరే నిలబడిపోయాను. నా పేరుతో అచ్చులోకి వెళ్ళే మొట్టమొదటి వాక్యం అది. స్త్రీలు ఆసక్తి చూపలేదు. దేవకమ్మక్క భుజం, మునిలక్ష్మి గిన్నె, ఇక్కడితో సరి. మధ్యాహ్నం భోజనానికొచ్చిన మా ఆయన, పొద్దున మిగిలిన ఇడ్లీ మజ్జిగలో ముంచుకుని తింటూ, నా ముఖం చూసి జాలిపడ్డారు. "పోనీలే పంకజా. రుబ్బినా రుబ్బకున్నా నీ జీతం నీకొస్తాది గదా." ఆయనకి నా మీద ప్రేమే. ఇడ్లీ ఎలా మెత్తగా వచ్చిందో ఒక్కరోజైనా అడగనంత అమాయకమైన ప్రేమ.

ఆయన వెళ్ళాక పెరట్లోకి పోయాను. శనివారం మా అందరిళ్ళలోనూ ఒంటిపొద్దు. ఒక పూటే అన్నం, రాత్రికి ఇడ్లీయో దోసెయో. అందుకని శుక్రవారం సాయంత్రం ఆరిళ్ళ పిండీ ఒకేసారి పడుతుంది, వారం మొత్తంలో రుబ్బురోలుకి విశ్రాంతి లేని రోజు అదే. రేపటి కోసం దేవకమ్మక్క మినుములు చెరుగుతోంది, మునిలక్ష్మి బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. అడిగితే మళ్ళీ భర్తల జవాబులే చెబుతారు. కిటికీలోంచి చూస్తే గిన్నె తిరిగిపోవడం ఒక్కటే కనిపిస్తుంది, ఎందుకు తిరిగిపోయిందో కనిపించదు. ఇంకేదైనా దారి ఉండాలి. గూట్లో ముగ్గుపిండి డబ్బా కనిపించింది. ఎందుకో దాన్ని చేతిలోకి తీసుకున్నాను.

"అక్కా, ఒక పని చేద్దామా? మన కాంపౌండుని ముగ్గుగా వెయ్యండి. కొలతలేమీ వద్దు. మీకు ఎలా తోస్తే అలా."

"యేంది మే, పట్టపగలు ముగ్గు? నీకేమన్నా గాలి సోకిందా?" అంది దేవకమ్మక్క. అంటూనే చేట పక్కన పెట్టింది. ముగ్గు వెయ్యమంటే కాదనే ఆడమనిషి మా కాంపౌండులో లేదు.

ముగ్గురం పెరటి నేల తలా ఒక వైపు పంచుకున్నాం. నేనూ వేశాను. వేస్తుంటే ఎంత బాగుందో! దేవకమ్మక్క ముగ్గులో పెరడు ఇంటికన్నా పెద్దది, కొళాయి దగ్గర నీటిచుక్కలు, రుబ్బురోలు స్థానంలో ఎనిమిది రేకుల తామర. మునిలక్ష్మి తన పొయ్యి వేసింది, పొయ్యి మీద పాలగిన్నె వేసింది, గిన్నె మీద పొంగు కూడా వేసింది. ముందుగది చిన్న గడి. గేటుకి రెండు చుక్కలు. నేను మా మంచం వేసి, సిగ్గేసి, చెరిపేసి, బీరువా అని దిద్దాను. ఇద్దరూ చూసేశారు. "బీరువాకి దిండ్లు యెందుకు పాపా?" అని పడీపడీ నవ్వారు.

గోల విని మా అత్త వచ్చింది. మూడు ముగ్గుల చుట్టూ మెల్లగా తిరిగింది. "బాగుండాయి. గ్రైండరు యాడ?"

మేం ముఖాలు చూసుకున్నాం. గ్రైండరు ఎవ్వరమూ వెయ్యలేదు. మునిలక్ష్మి పిండి తీసుకుని వంగింది, వంగి ఆగిపోయింది. "అక్కా, పెట్టేదానికి సోటు లేదే."

నిజమే. గ్రైండరు వెయ్యాలంటే ముందు అరుగు వెయ్యాలి. మూడు ముగ్గుల్లోనూ అరుగు లేదు. రోజూ తెల్లవారుజామున వంతులవారీగా ఆ అరుగు కడిగేది మేమే, దాని ముందు ముగ్గు వేసేదీ మేమే. ఆ అరుగును నడుం వంచుకుని చూశామే గానీ, ఒక్కనాడూ కూర్చుని చూడలేదు. మగవాళ్ళు లేచేసరికి బకెట్టుతో సహా పెరట్లో ఉంటాం. నేను కూడా. ఎం.ఏ. చదివి, ఎవరికీ అడ్డం రాకుండా చూడడం పద్ధతి అని చెప్పుకుని, కర్టెను వెనక కూర్చున్నాను. పద్ధతి కోసమే అయితే అరుగు చివర ఒక చాప వేసుకోవచ్చు కదా. ఆ ఆలోచనే నాకు రాలేదు.

ఆ మాట పైకే అన్నాను. అనగానే మునిలక్ష్మికి నోరొచ్చింది. "అది కాదక్కా, ఆడికి పోతే ముందు మామని స్విచ్చి వెయ్యమని అడగాల. పిండి సేత్తో తొయ్యాల, తియ్యాల, రాయి కడగాల. సీర యెత్తి కట్టకుంటే తడిసిపోతాది. ఆయనేమో పేకముక్క పట్టుకోని, అయిందామ్మా, అయిందామ్మా అంటాడు. మా ఆయన ఆడ్నే కూసోనుంటాడు గదా, ఇంటికొచ్చి, నలుగురిలో ఆ కాళ్ళేంది అంటాడు."

"అందుకే, మా ఆయన సేతి రుసి అనేది," అంది దేవకమ్మక్క. భుజం నొక్కుకుంది. "అందురూ ఒక సెయ్యేస్తే దాన్ని పెరట్లోకి యెత్తకరాలేమా?" అంది.

నాకూ అదే తోచింది. పొడుగు తీగ ఒకటి కొనమని మేడానికి రాస్తే సరిపోతుంది. అప్పటికే మనసులో ఉత్తరం మొదలుపెట్టేశాను. ఇంతలో మా అత్త నా చేతిలోంచి ముగ్గుపిండి డబ్బా తీసుకుంది. మోకాళ్ళ నొప్పులతో నేల మీద కూర్చోవడమే కష్టం ఆమెకి. గోడ పట్టుకుని కూర్చుంది, ఒక పొడుగాటి గడి గీసింది, దాని మీద ఐదు చుక్కలు పెట్టింది.

"ఇది సత్యవేడులో మా యింటి అరుగు. ఇయి గచ్చకాయలు. పొద్దుగూకులూ దీని మిందనే ఆడుకుంటాంటిని. పెద్దమనిషినైనాక మా నాయన, లోపలికి పోమ్మే అన్న్యాడు. పోతి." చుక్కల మీద వేలు పెట్టి అలాగే ఉండిపోయింది. "మళ్ళా బయటికి రమ్మని యెవురూ అన్లా."

కొళాయి బొట్టుబొట్టుగా కారుతోంది. అత్తే మళ్ళీ అంది, ఈసారి విసుగ్గా, మామూలు గొంతుతో. "దాన్ని యెందుకు యెత్తకరావాల? వానొస్తే ఈడ కరెంటుతో సస్తామా? ఆడ్నే ఉండనీ. మనమే పోదాం."

సాయంత్రం మగవాళ్ళు ఒక్కొక్కరే వచ్చారు. అరుగు మీద చాప పడింది. పేకముక్కలు కలుపుతున్న చప్పుడు. మా ఆయన సైకిలు స్టాండు వేసి, చొక్కా బొత్తాం విప్పుకుని, ఆట చూడడానికి ఓ పక్కన కూర్చున్నారు. నేను ముఖం కడుక్కుని, పొద్దున కొన్న కనకాంబరాలు పెట్టుకుని, తలుపు తీసుకుని బయటికొచ్చాను. నాలుగు అడుగులుంటాయేమో. కాలేజీలో స్టేజీ ఎక్కినప్పుడు కూడా ఇన్నిసార్లు కొంగు సర్దుకోలేదు. గ్రైండరు పక్కన అరుగు అంచు మీద కూర్చున్నాను.

బండ ఇంకా వెచ్చగా ఉంది. వీధిలో మల్లెపూల బుట్ట వెళ్తోంది, బస్టాండు వైపు ఒక ఆటో హారను కొట్టుకుంటూ పోయింది. తల ఎత్తితే ఎదురిళ్ళ మేడల సందులోంచి కొండ! మొత్తం కొండ, ఎర్రటి ఎండలో, మెట్లదారి మీద అప్పుడే ఒకటొకటిగా వెలుగుతున్న దీపాలతో. నాలుగు నెలలుగా ఈ ఇంట్లో ఉన్నాను. ఇక్కడి నుంచి కొండ కనిపిస్తుందని నాకు తెలీదు. సంతోషం పట్టలేక చేత్తో అరుగు మీద రెండు చరుపులు చరిచాను.

పేకముక్కలు ఆగిపోయాయి. రాయుడు మామ కళ్ళజోడు పైకి జరిపాడు. "ఏమ్మా, మీ ఆయనతో పనుండాదా?"

"లేదు మామా, కూర్చుందామని వచ్చాను." నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "రేపు శుక్రవారం కదా. సాయంత్రం నాలుగింటి నుంచి ఆరిళ్ళ పిండీ ఇక్కడే రుబ్బుతాం. మీరు కిటికీ తీసి వదిలెయ్యండి, చాలు. స్విచ్చి మేమే వేసుకుంటాం, మేమే ఆపుకుంటాం. అయ్యేదాకా అరుగు మాకు కావాలి. ఎల్లుండి వ్యాను వస్తే ఖాళీగానే పోతుంది."

"అందురూ ఈడికొస్తారా?" అన్నాడు దేవకమ్మక్క భర్త.

"అందరం. చీరలెత్తి కట్టుకుని, కాళ్ళు చాపుకుని."

మునిలక్ష్మి మొగుడు పేకముక్కల్లోకి తల దించాడు. మా ఆయన నా వైపు చూశారు. ఆ ముఖంలో మొదట కంగారు, తర్వాత ఇంకేదో. పెళ్ళిచూపుల్లో నేను తల ఎత్తి సూటిగా చూసినప్పుడు వచ్చిన నవ్వులాంటిది, మీసం కింద మెల్లగా వచ్చింది.

"మరి మా పేకాట?" అన్నాడు రాయుడు మామ, పిల్లవాడిలా.

"పెరట్లో రుబ్బురోలు రేపు ఖాళీయే మామా. వేపచెట్టు నీడ, చల్లగా ఉంటుంది. అక్కడ మీకు చాప పరిచిపెడతాను."

వెనక తలుపు చప్పుడైంది. మా అత్త గడప దాటి వచ్చి, నా పక్కన, అరుగు మీద మెల్లగా కూర్చుంది. మోకాళ్ళు సర్దుకుంది. ఎదురుగా కొండను ఒకసారి చూసింది.

"పరిసేది నువ్వెందుకు మే? రేపు వాళ్ళే పరుసుకుంటారు."